నడవమనే సలహా అందరికీ పనికిరాదు

సంపాదకులకు నమస్కారాలు.

నీరసం పోవాలంటే రోజూ అరగంట నడవాలని, ఆ నడకను కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలని ఈ మధ్య మీ ఆరోగ్య పుటలో వచ్చిన వ్యాసం చాలామందికి మేలు చేసేదే గానీ, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (ఎంత నిద్రపోయినా తీరని నీరసం నెలల తరబడి వదలని జబ్బు) ఉన్నవారికి అదే సలహా కీడు చేస్తుందన్న మాట అందులో ఎక్కడా లేనందున ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. విషజ్వరం తగ్గాక ఈ జబ్బు పట్టుకున్న ఉపాధ్యాయినిని నేను. అనంతపురంలో ఉంటాను.

శ్రమ చేసిన తర్వాత ఒళ్లు దిగజారిపోవడం ఈ జబ్బుకు అసలు గుర్తు. అది అప్పటికప్పుడు తెలియదు, చాలాసార్లు మర్నాటికో ఆ మర్నాటికో బయటపడుతుంది. ఆదివారం ఓపిక ఉంది కదా అని పొయ్యి ముందు కూర్చుని ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు తట్టితే, సోమవారం మధ్యాహ్నానికి చేతులు పైకి లేవవు, వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది, కంఠతా వచ్చిన ఎక్కాలు సైతం బోర్డు మీద తప్పిపోతాయి. ఈ రెండు రోజులకూ ఉన్న లంకె ఎవరికీ కనిపించదు గనుక, 'నిన్న బాగానే ఉన్నావు గదా' అనే మాట మాకు నిత్యం తప్పదు.

అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆరు నెలలకు పైగా పనిచేసే శక్తి బాగా తగ్గి, శ్రమ తర్వాత ఇలా దిగజారుతూ, ఎంత నిద్రపోయినా సేద తీరకుండా ఉండి, వీటికి తోడు ఆలోచన మందగించడమో నిలబడితే బాధ పెరగడమో ఉంటే ఇది ఈ జబ్బే. నిర్ధారించే రక్తపరీక్ష ఇంకా లేదు కాబట్టి రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం, క్షయ వంటివి కావని ముందుగా తేల్చుకోవడం సబబే. చిక్కంతా రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాక మొదలవుతుంది. ఒక ఆస్పత్రిలో మనసు గట్టి చేసుకుని వాకింగ్ చేయమన్నారు, వీధి చివరి క్లినిక్‌లో బలానికని సెలైన్ ఎక్కించారు. సెలైన్ డబ్బులు పోతే పోయాయి, వాకింగ్ మాత్రం నన్ను మంచాన పడేసింది.

వ్యాయామాన్ని క్రమంగా పెంచే చికిత్సను బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా ఒకప్పుడు సిఫారసు చేసినదే. 2021 అక్టోబరులో దాన్ని ఎత్తివేసి, ఉన్న ఓపికకు లోబడి పనులు చేసుకోవాలని చెప్పింది. దీన్నే పేసింగ్ అంటారు. కూరగాయలు ముందురోజు సాయంత్రం మంచం మీద కూర్చునే తరుక్కోవడం, తలంటుకున్న రోజున బట్టలు ఉతకకపోవడం, స్టూలు మీద కూర్చుని పాఠం చెప్పడం, ఇంకా ఓపిక మిగిలి ఉండగానే పని ఆపేయడం నాకు అలవాటయ్యాయి. ఆ చివరిది అన్నిటికన్నా కష్టం. వీటితో నేను కొంత తేరుకున్నాను, పడకేసే రోజులు తగ్గాయి. పిల్లలతో పోలిస్తే పెద్దల్లో పూర్తిగా కోలుకునేవారు తక్కువ, కాబట్టి గ్యారంటీగా నయం చేస్తామనే ప్రకటనలను (మీ పత్రికలో వచ్చే వాటితో సహా) పాఠకులు నమ్మవద్దని మనవి.

ఓపీ చీటీకి ఒక క్యూ, డాక్టరు గది ముందు ఇంకొకటి, రక్తం ఇవ్వడానికి మరో చోటు, రిపోర్టు కోసం మళ్లీ మధ్యాహ్నం దాకా పడిగాపులు. నిలబడితేనే గుండెదడ పెరిగే రోగి ఇదంతా తట్టుకోలేడు. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి కీళ్లనొప్పులతో బాధపడినవారిని, కోవిడ్ తర్వాత తేరుకోనివారిని మన సీమ చూసింది. అనంతపురం, కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో జ్వరాల తర్వాత కోలుకోనివారి కోసం వారానికి ఒక పూట ప్రత్యేక ఓపీ పెట్టి, క్యూకు బదులు టోకెను, కూర్చోవడానికి కుర్చీ ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969 నుంచే ఈ జబ్బును నాడీ సంబంధ వ్యాధుల్లో చేర్చింది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోనూ దీర్ఘకాలిక నాడీ వ్యాధుల విభాగం ఉంది. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాల్లో ఈ రోగులను ఆ విభాగం కింద పరీక్షిస్తారో లేదో ప్రభుత్వం స్పష్టం చేయాలి.

— ఒక ఉపాధ్యాయిని, అనంతపురం