క్లైవ్ సొమ్ము ఎక్కడిదో కూడా రాయండి

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్ పాత బంగ్లాలు, తోటల మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ సర్రేలోని క్లేర్‌మాంట్ గురించి చెబుతూ ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ ఆ ఎస్టేట్ కొన్నాడని ఒక్క ముక్కతో దాటేయడం నాకు అస్సలు నచ్చలేదు.

ఆ తోట గొప్పదే, కాదనను. 1720ల్లో చార్లెస్ బ్రిడ్జ్‌మన్ కొండవాలును మెట్లుమెట్లుగా కోయించి, పైన పచ్చిక పెంచి ఆంఫీథియేటర్‌లా తీర్చాడు. పై మెట్లు లోపలికి వంపు తిరిగి, కింది మెట్లు బయటికి ఉబ్బి ఉంటాయి, ఎదురుగా నీళ్లు. అక్కడ గుండ్రంగా ఉన్న కొలనును తర్వాత విలియం కెంట్ దీవి ఉన్న చెరువుగా మార్చాడు. కాలక్రమంలో పొదలు కమ్మేసి, 1970ల్లో పాత కట్టడాలు, తోటలు కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్లు నరికించేదాకా ఆ మెట్ల రూపే తెలియలేదు.

మరి ఇల్లు సంగతి? ప్లాసీ యుద్ధం తర్వాత బెంగాల్ నవాబైన మీర్ జాఫర్ దగ్గర క్లైవ్ ఒక్కడే 2,34,000 పౌండ్లు పుచ్చుకున్నాడు, అది చాలక ఏడాదికి 27,000 పౌండ్లు వచ్చే జాగీరు. 1768లో పాత యజమాని డ్యూక్ ఆఫ్ న్యూకాజిల్ చనిపోయాక ఈ ఎస్టేట్ కొని, పాత ఇల్లు పల్లంలో చెమ్మగా ఉందని పడగొట్టించి, తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ చేత మెరక మీద కొత్తది కట్టించాడు. 1770లో బెంగాల్‌లో లక్షల మంది కరువుకు చచ్చిపోయారు, ఆ వెంటనే క్లేర్‌మాంట్‌లో గోడలు లేచాయి. 1774లో క్లైవూ పోయాడు.

మనకెందుకు అంటారేమో. 1758లో చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించిన కల్నల్ ఫోర్డ్ దండును బెంగాల్ నుంచి పంపింది ఈ క్లైవే, 1765లో ఢిల్లీ పాదుషా చేత మన కోస్తా ప్రాంతమైన ఉత్తర సర్కారులకు ఫర్మానా రాయించుకున్నదీ అతనే. తెలుగు పత్రిక ఈ మాట చెప్పకపోతే ఇంకెవరు చెబుతారండీ? నేషనల్ ట్రస్టే 2020లో తన చేతిలోని 93 చోట్లకు వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని నివేదిక ఇచ్చింది, అక్కడివాళ్లు ఒప్పుకున్నదాన్ని మనం దాచడం ఏమిటి!

వచ్చే వారం పోవిస్ కోట అని ప్రకటించారు. టిప్పు సుల్తాన్ గుడారం అక్కడే ఉంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు మద్రాసు గవర్నరు క్లైవ్ కొడుకు ఎడ్వర్డే. గులాబీల ఫొటోలు ఒకటి రెండు తగ్గినా పర్వాలేదు, ఆ గుడారం వేల్స్ దాకా ఎలా వెళ్లిందో దయచేసి వివరంగా రాయించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు