నల్లుల గురించి మన బిల్డింగ్ వాళ్లందరికీ

అందరికీ నమస్తే. రెండు మూడు ఇళ్లలో నల్లులు కనిపించాయి. ఇది దాచుకునే విషయం కాదు అక్కా, శుభ్రంగా ఉన్న ఇంట్లోకి కూడా ప్రయాణం బ్యాగులతో, పాత సోఫాలతో, పిల్లలు హాస్టల్ నుంచి తెచ్చిన పరుపులతో వచ్చేస్తాయి, గోడ పగుళ్ల నుంచి పక్కింటికి పాకుతాయి. అందుకే ఆదివారం అందరం ఒకేసారి మొదలుపెడదాం.

దయచేసి పత్తికి కొట్టే మందు ఇంట్లో కొట్టకండి. ధాన్యంలో పెట్టే గోళీలైతే అసలే వద్దు, వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్ గోడ అవతల పడుకున్న పిల్లల ప్రాణం కూడా తీయగలదు. కిరోసిన్ పోస్తే నిప్పంటుకునే ప్రమాదం.

వేడి బాగా పనిచేస్తుంది. 50 డిగ్రీలు దాటిన వేడి కాసేపు తగిలితే గుడ్లతో సహా చస్తాయి. దుప్పట్లు, దిండు గలీబులు బాగా వేడి నీళ్లలో ఉతకండి. మన నల్లగొండ ఎండ ఎంత ఉన్నా ఊరికే ఆరేస్తే నీడవైపు మడతల్లోకి దూరతాయి, కాబట్టి ఉతకలేని బట్టల్ని నల్ల కవర్లలో పలచగా సర్ది, మూతి కట్టి, డాబా మీద పెట్టి మధ్యమధ్యలో తిప్పండి. చెక్క మంచం సందుల్లో మసిలే నీళ్లు పోయండి, పరుపు కుట్లు టార్చ్ వేసి చూడండి.

గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి, కాబట్టి పది రోజులకు ఇదంతా మళ్లీ చేయాలి. కుడితే దురదే, వీటివల్ల జబ్బులు అంటుకోవు, టెన్షన్ పడకండి. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి ఊరెళ్లిన వాళ్లు తాళాలు వాచ్‌మన్‌కి ఇప్పించండి.