57 పోతే మిగిలేది 43 కాదు

నేస్తం,

నీ ఉత్తరం రాత్రే చదివాను. మిగతా కబుర్లకు తర్వాత వస్తాను. ఏదో దేశాల పట్టిక చూసి చివర్లో నువ్వు రాసిన ఒక్క వాక్యానికి ముందు జవాబు చెప్పాలి. "ఫ్రాన్స్‌లో ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 57 శాతం, అంటే జనానికి మిగిలేది 43 శాతమే" అన్నావు. మొదటి సగం నిజమే, ఇటీవలి ఏళ్లలో ఆ అంకె అటూ ఇటూగా అంతే ఉంది. రెండో సగమే తప్పు. ఇదే మాట చదువుకున్నవాళ్ల నోట కూడా విని ఎన్నిసార్లు బాధపడ్డానో.

ఒక దేశాన్ని ఊహించుకో. ఏడాది మొత్తం ఉత్పత్తి విలువ, అంటే జీడీపీ, 100. ప్రభుత్వం అందులో 60 పన్నుగా తీసుకుని, ఆ 60నీ పెన్షన్లుగా, భృతులుగా తిరిగి జనానికే పంచేసింది. తను ఏమీ కొనలేదు, ఒక్క ఉద్యోగిని కూడా పెట్టుకోలేదు. లెక్కల్లో ప్రభుత్వ ఖర్చు 60 శాతం అని పడుతుంది. కానీ ఆ 100 విలువైన సరుకులూ సేవలూ వాడుకున్నది ఎవరు? జనమే కదా! మరి వాళ్లకు మిగిలింది 40 అని ఎలా అంటాం? ఇంకో సంగతి చూడు. పంచిన పెన్షన్ల మీద మళ్లీ పన్ను వేసి, మళ్లీ పంచుతూ పోతే ఈ శాతం వంద కూడా దాటొచ్చు. వాటా అయితే వంద దాటదు. ఇది రెండు వేర్వేరు మొత్తాల నిష్పత్తి, అంతే. ఒక రొట్టెలో ముక్క కాదు.

జీడీపీ లోపల ప్రభుత్వం పేరుతో లెక్కకొచ్చేది వేరు. టీచర్ల జీతాలు, ఆసుపత్రుల్లో వైద్యం, పోలీసులు, కొత్త రోడ్లు, ఇలాంటివి. పెన్షన్లు, నిరుద్యోగ భృతి, అప్పుల మీద వడ్డీ అందులోకి రావు. పెన్షన్ అందుకున్న పెద్దావిడ ఏదైనా కొంటే అది ప్రజల వినియోగం కింద పడుతుంది. ఫ్రాన్స్ 57లో ప్రభుత్వ వినియోగం, అంటే జీతాలు, వైద్యం లాంటివి, 24 దాకానే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఇలా చేతులు మారే డబ్బే.

దేశాలను పక్కపక్కన పెట్టినప్పుడు అసలు చిక్కు వస్తుంది. డెన్మార్క్‌లో పెన్షన్ల మీద కూడా పన్ను కడతారు. ఇచ్చిందంతా ఖర్చులో రాస్తారు, పన్నుగా వెనక్కి వచ్చింది అందులోంచి తీసేయరు. సింగపూర్‌లో ఉద్యోగీ, యజమానీ సెంట్రల్ ప్రావిడెంట్ ఫండ్‌లో తప్పనిసరిగా డబ్బు జమ చేయాలి. అది ఉద్యోగి సొంత ఖాతా కాబట్టి ప్రభుత్వ ఖర్చు కాదు. జీతం అందుకునే మనిషి వైపు నుంచి చూస్తే రెండు చోట్లా ముసలితనం కోసం తప్పనిసరి కోతే. పట్టికలో మాత్రం ఒకటి పెద్ద ప్రభుత్వం, ఇంకొకటి చిన్న ప్రభుత్వం! పిల్లల కోసం చేతికి డబ్బిస్తే ఖర్చు, అంతే మొత్తం పన్నులో తగ్గిస్తే మామూలుగా ఖర్చు కాదు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఈ నిష్పత్తిలో హారం, అంటే కింద ఉండే జీడీపీ, దాని సంగతి కూడా మర్చిపోకు. 2015లో ఐర్లాండ్ జీడీపీ ఒక్కసారిగా దాదాపు 26 శాతం పెరిగింది. బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్ల వంటి ఆస్తులను అక్కడికి మార్చడమే ముఖ్య కారణం. బడులు, ఆసుపత్రులు ఎప్పటిలాగే నడిచాయి. ఖర్చు శాతం మాత్రం ధబీమని పడిపోయింది. అందుకే ఆ దేశపు గణాంక శాఖ సవరించిన స్థూల జాతీయాదాయం అని వేరే కొలత తయారుచేసుకుంది. 2020లో దీనికి తిరగబడి జరిగింది. కోవిడ్ వల్ల జీడీపీ కుంగింది, సాయం ఖర్చు పెరిగింది. లవం పైకి, హారం కిందికి. ఫ్రాన్స్ 60 దాటింది. ఆ ఒక్క ఏడాది అంకె పట్టుకుని ప్రభుత్వం ఉబ్బిపోయిందని తేల్చేయడం సరికాదు.

నువ్వు చూసిన పట్టికలో అమెరికా అంకె ఎంతుందో ఒకసారి చూసి రాయి. 2019కి 21 దగ్గర ఉంటే అది ఒక్క ఫెడరల్ ప్రభుత్వానిదే. రాష్ట్రాలు, స్థానిక సంస్థలు కలిపి, వాళ్లలో వాళ్లు ఇచ్చుకున్న నిధులు రెండుసార్లు పడకుండా తీసేస్తే 36 దగ్గరికి వస్తుంది. ఫ్రాన్స్ 57లో అన్ని స్థాయులూ ఉన్నాయి. దాని పక్కన ఆ 21ని పెట్టి ఉంటే ఆ పట్టికను నమ్మొద్దు, ఇంకెవరికీ పంపొద్దు కూడా.

ఉంటాను. మిగతా కబుర్లు రేపు రాస్తాను.

నీ నేస్తం