రెండేళ్లకి కలిపి వార్షిక నివేదిక (2020 ఏప్రిల్ – 2022 మార్చి)

24-4-2022 ఆదివారం ఉదయం సంఘం భవనంలో జరిగే సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి సమర్పిస్తున్నది

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన నిబంధనల ప్రకారం ఉగాది వెళ్లిన నెలలోపు ఏటా సమావేశం పెట్టుకుని నివేదిక చదవాలి. 2020లో కరోనా వల్ల ఆ ఊసే ఎత్తలేకపోయాం. 2021లో తేదీ వేసి కరపత్రాలు కొట్టించాక ఆపేయాల్సి వచ్చింది. అంచేత రెండేళ్లదీ కలిపి ఇప్పుడు చదువుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి ఆ ఉపోద్ఘాతం వదిలేస్తున్నాను. ఈ రెండేళ్లలో పోయిన సభ్యుల పేర్లు మొదటి పేజీలో నల్ల గీతల మధ్య వేశాం. మన కోశాధికారి గారి పేరు కూడా అందులోనే ఉంది. అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాక మిగతాది చదువుతాను.

దాతల పేర్లు మాత్రం ఈ నివేదికలో కనపడవు. అవన్నీ భవనం గోడమీద బోర్డుకి ఎక్కించాం. ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అనే గొడవ లేకుండా అక్షర క్రమంలో రాయించాం. వంద రూపాయలిచ్చిన వారూ, బియ్యం బస్తా దింపించిన వారూ ఒకే వరసలో ఉన్నారు. ఇది కార్యవర్గం తీర్మానం, నా ఒక్కడి నిర్ణయం కాదు, కాబట్టి సమావేశం అయ్యాక నన్ను పట్టుకోవద్దు.

మొదటి ఏడాది

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ నాడు సాయంత్రం పళ్లేలు, గరిటెలు మోగించినప్పుడు ఇదేదో ఒక్కరోజు ముచ్చట అనుకున్నాం. 25 నుంచి లాక్‌డౌన్ వచ్చింది. 21 రోజులన్నది పొడిగించుకుంటూ మే 31 దాకా తెచ్చారు. అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్ ఆగిపోయింది, ఉత్తరాదికి వెళ్లే లారీలు కదల్లేదు. దింపిన కాయ తోటల్లో రాశులుగా పడి ఉంది. కాయ కదలకపోతే నష్టం రైతు ఒక్కడితో ఆగదు. దింపు తీసేవాళ్లు, వలుపు వాళ్లు, లారీలకి ఎగుమతి చేసే జట్టు, అందరికీ ఒకేసారి పని పోయింది. రావులపాలెం వైపు అరటి గెలలు తోటల్లోనే మగ్గాయి, కడియం వైపు పూలు కోసినవాళ్లు కోసినచోటే పారబోశారు, చెరువుల్లో రొయ్య కొనేవాడు లేడు. మన ఊళ్లో కూలికెళ్తే గానీ పొయ్యి వెలగని ఇళ్లు ఎన్నున్నాయో మనకి అప్పుడే తెలిసిందంటే కొంచెం సిగ్గుపడాలి.

ప్రభుత్వం బియ్యం, కందిపప్పు ఇచ్చింది, ఇంటికి వెయ్యి రూపాయలు ఇచ్చింది. కాదనం. కానీ నూనె, చింతపండు, సబ్బు, పిల్లల పాలడబ్బా బియ్యంతో పాటు రావుగా. ఏప్రిల్ 2న శ్రీరామనవమికి పందిరి వేయడానికి పోగైన చందా అలాగే ఉంది. ఆ ఏడు కళ్యాణం పూజారి గారు గుడి తలుపులు దగ్గరగా వేసి ఒక్కరే జరిపించారు. పందిరి డబ్బుతో సరుకులు కొని దింపు, వలుపు వాళ్ల పేటల్లో ఇంటింటికీ ఇచ్చాం. రాముడి డబ్బు మళ్లించడానికి మీరెవరని గ్రూపులో ఒకరిద్దరు అడిగారు. రాముడు ఇప్పటిదాకా అడగలేదు.

కువైట్, దోహా వెళ్లిన ఆడవాళ్ల కుటుంబాల సంగతి మరోటి. ఏప్రిల్‌లో కువైట్ వాళ్లు క్షమాభిక్ష ప్రకటించారు. కాగితాలు సరిగా లేని వాళ్లు వచ్చేయొచ్చన్నారు, కానీ రావడానికి విమానాల్లేవు. మే నెలలో విదేశాల్లో చిక్కుకున్నవాళ్లని తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాక పేర్ల నమోదు, క్వారంటైన్ ఫారాలు మన రీడింగ్ రూమ్ కంప్యూటర్లోనే నింపి పెట్టాం. ఇన్నేళ్లూ వాళ్లు పంపిన డబ్బుతో ఇళ్లు కట్టుకున్న చుట్టాలే, వాళ్లు క్వారంటైన్ పూర్తిచేసి దిగితే వీధి తలుపు తీయడానికి జంకారు. ఎవరని రాయను, రాయకపోయినా తెలుసు.

ఆగస్టులో ఏరు పొంగింది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకల వాళ్లని పునరావాస కేంద్రానికి రమ్మంటే, వరద కంటే అక్కడి గదుల్లో జనానికే భయపడి ఏటిగట్టు మీదే బరకాలు కట్టుకున్నారు. అక్కడికి మంచినీళ్ల టిన్నులు, బ్లీచింగ్, మాస్కులు పంపాం. మాస్కులు కుట్టిన డ్వాక్రా మహిళలకి, ఇంజిను పడవ ఇచ్చి డీజిల్ డబ్బు కూడా తీసుకోని మన సభ్యుడికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

అరటాకు భోజనం

ఇక రెండో ఏడాది. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ సంఘం పెట్టాక మనం చేసిన పనుల్లో నాకు ఇదే పెద్దది.

2021 ఏప్రిల్ ఆఖరుకి ఊళ్లో జ్వరం లేని వీధి లేదు. మొదటిసారి ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లు చూసుకున్నారు. ఈసారి ఇంటిల్లిపాదీ ఒకేసారి పడ్డారు. మందుల కిట్ ఏఎన్‌ఎం గారు, ఆశా కార్యకర్త తెచ్చి గుమ్మంలో పెడుతున్నారు, మాత్ర వేసుకోవడానికి ముందు తినాలిగా, వండేవాళ్లేరి? ఒక ఇంట్లో ముసలి దంపతులు రెండు పూటలు బిస్కెట్లతో గడిపారని ఆశా కార్యకర్త చెప్పాకే భవనం వెనక రేకుల షెడ్డులో పొయ్యి పెట్టాం.

పెళ్లిళ్లు ఆగిపోయి వంటమేస్త్రి గారు ఖాళీగా ఉన్నారు. గుండిగలు, షెడ్డుకి పరదాలు షామియానా వాళ్లు అద్దె లేకుండా ఇచ్చారు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే క్యారేజీలతో. పాజిటివ్ ఇంటికి వెళ్లిన గిన్నె వెనక్కి తేవడం ఎలా, తెచ్చినా ముట్టుకునేదెవరు? అట్టపెట్టెలు కొందామంటే షాపులు లేవు. అప్పుడు మేస్త్రి గారే, మనకి అరటితోటలుండగా పెట్టెలెందుకండీ అన్నారు. ఆకు సెగ చూపిస్తే చిరగదు. అందులో అన్నం, కూర, ఉడికించిన గుడ్డు పెట్టి మడిచి, పైన పాత పేపరు చుట్టి పురికొసతో కట్టాం. మిరియాల చారు, మజ్జిగ కవర్లలో. తిన్నాక అన్నీ అక్కడే తగలబెట్టేయడం, ఏదీ వెనక్కి రాదు. గేటుకి బుట్ట కట్టించి, పొట్లాలు అందులో పెట్టి, స్కూటర్ హారన్ రెండుసార్లు కొట్టి వచ్చేసేవాళ్లు మన కుర్రాళ్లు. బొండాలు ఎవరి తోటలో అడిగినా కాదనలేదు. బయట వాటికి రేటు ఎలా పెరిగిందో మీకు తెలుసు.

మొదటి వారం ఒకటే ఫోన్లు. కూరలో ఉప్పు లేదు, చారు సప్పగా ఉంది, మీరు రుచి చూస్తున్నారా లేదా అని. మేస్త్రి గారికి మనసు కష్టపడింది. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లలో ఒక్క మాట పడని మనిషి. పంతానికి మర్నాడు ఉప్పు దట్టించారు. షెడ్డులో తిన్నవాళ్లెవరికీ ముద్ద దిగలేదు, అయినా ఫోన్లు ఆగలేదు. నాలుకకి రుచి తెలియకపోవడం జబ్బు లక్షణమేనని ఆశా కార్యకర్త చెప్పేదాకా మాకు తట్టలేదు. తరవాత రుచి తిరిగొచ్చిన ఇళ్లనుంచి ఉప్పు ఎక్కువైందని ఫోన్ వస్తే షెడ్డులో పండగే. వాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టేవాళ్లం.

మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. రాత్రి భోజనం ఇవ్వడానికి వెళ్లిన కుర్రాళ్లని సెంటర్లో ఆపేశారు. పాసుల కోసం ఒక కార్యాలయానికి వెళ్తే, సంఘం రిజిస్ట్రేషన్ కాగితం కావాలన్నారు, ఇచ్చాం. జిరాక్సు చెల్లదు ఒరిజినల్ అన్నారు, అదీ ఇచ్చాం. సంతకం పెట్టాల్సినాయన ఐసోలేషన్‌లో ఉన్నారన్నారు. పాసులు వచ్చేసరికి మూడొంతుల పని అయిపోయింది. ఆ తరవాత అదే కార్యాలయం వాళ్లు మన షెడ్డు ఫోటో జతచేసి పైవాళ్లకి నివేదిక పంపుకున్నారు, ప్రశంసాపత్రం కూడా అందుకున్నారు. ఫోటోలో గరిటె పట్టుకున్నది మన వంటమేస్త్రి గారు. కాబట్టి ఈ రోజు సంఘం తరఫున శాలువా మొదట ఆయనకే.

జూన్ రెండో వారానికి పొట్లాలు బాగా తగ్గాయి, పొయ్యి ఆర్పేశాం.

ఆక్సిజన్, అంత్యక్రియలు, టీకాలు

అమెరికాలో ఉన్న మన ఊరి పిల్లలు రెండు ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు పంపారు. నిమిషానికి 5 లీటర్లిచ్చేవి. ఆస్పత్రిలో బెడ్ దొరికేలోపు ఆదుకోవడానికే గానీ ఆస్పత్రికి బదులు కాదని డాక్టరు గారు ముందే చెప్పారు. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే అమలాపురమో కాకినాడో బయల్దేరమనే చెప్పాం. కరెంటు పోతే మిషను ఆగిపోతుంది, అదొక టెన్షన్. ఇన్వర్టర్ ఇచ్చిన సభ్యుడు తన ఇంట్లో ఫ్యాన్ లేకుండా పడుకున్నారు.

అంత్యక్రియల గురించి ఎక్కువ రాయలేను. అన్నదమ్ములు, పాలివాళ్లు రాని చోట మన కుర్రాళ్లు నలుగురు పీపీఈ కిట్లు వేసుకుని పాడె మోశారు. పుల్లలు కూడా వాళ్లే పేర్చారు. వాళ్లలో ఒకరి అమ్మగారు నాతో నెలరోజులు మాట్లాడలేదు. ఆవిడ కోపం న్యాయమైనదే. ఆ నలుగురినీ వేదిక మీదకి పిలుద్దామంటే వద్దన్నారు.

టీకాలు మొదట్లో వద్దన్నవాళ్లే తరవాత తెల్లవారుజామున చెప్పులు వరసలో పెట్టి కూర్చున్నారు. మే 13న కోవిషీల్డ్ రెండో డోసు గడువు 12–16 వారాలకి పెంచడంతో చాలామంది క్యూలోంచి ఇంటికి వెళ్లిపోవాల్సి వచ్చింది, తిట్లన్నీ పాపం ఏఎన్‌ఎం గారు తిన్నారు. జూన్ 20న రాష్ట్రమంతా ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేసిన నాడు మన హైస్కూల్లో కూడా క్యాంపు జరిగింది, కుర్చీలు, పందిరి, మంచినీళ్లు మనవే. వరదల కాలానికి రెండో డోసు వచ్చింది. అప్పుడు పెద్దాయనలు సూది నొప్పి గురించి అడగలేదు, పులస తినొచ్చా అని అడిగారు. తినొచ్చన్నాక చకచకా చేతులు చాపారు.

చనిపోయిన వారి కుటుంబాలకి 50 వేల రూపాయల సాయం ప్రకటించాక దరఖాస్తులు మన భవనంలోనే రాసిపెట్టాం. టెస్టులో పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోతే ఇబ్బంది లేదు. టెస్టు చేయించే లోపే ఇంట్లో పోయినవాళ్లకి కాగితం ఎక్కణ్ణుంచి తేవాలి? అలాంటివి కొన్ని ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఈ నెల 4 నుంచి మనది కోనసీమ జిల్లా, కలెక్టర్ గారు అమలాపురంలోనే ఉంటారు, ఇక కాకినాడ చార్జీలు తప్పుతాయి. కొత్త కార్యాలయంలో మళ్లీ మొదటినుంచి అడుగుతామని కార్యవర్గం అనుకుంది.

రీడింగ్ రూమ్ ఏడాదిపైన మూతబడి, కింది అరలో పుస్తకాలకి చెదపట్టింది. సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చేటప్పుడు టీవీ లేని పిల్లల కోసం కొన్నాళ్లు భవనం వరండాలో టీవీ పెట్టాం.

లెక్కలు

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది, ఆడిటర్ గారు సంతకం చేశారు. చదువుతూ కూర్చుంటే భోజనాల వేళ దాటుతుంది. కోశాధికారి గారి పుస్తకం ఆయన ఇంట్లో ఉండిపోయింది కాబట్టి 2021 మే నెల ఖర్చు బిల్లులు చూసి మళ్లీ రాశాం. ఆక్సీమీటర్ల రేటు చూసి ముక్కున వేలేసుకోకండి, ఆ నెలలో రేటు అదే. నిల్వ ఉంది, అప్పు లేదు.

చివరగా ఒక మాట. గ్రూపులో దణ్ణం బొమ్మలు పెట్టినవాళ్లు, శభాష్ అన్నవాళ్లు లెక్కలేనంత మంది. షెడ్డులో ఉల్లిపాయలు తరిగినవాళ్లు మాత్రం మొదటి రోజు నుంచి ఆఖరు రోజు దాకా అదే మనుషులు. భయం అందరికీ ఉంది, జబ్బుపడ్డ ఇళ్లూ ఉన్నాయి, వాళ్లనేమీ అనను. ఏ ఇబ్బందీ లేకుండా ఇంట్లో కూర్చుని, పొట్లంలో గుడ్డు చిన్నదైందని రాసినవాళ్ల గురించే ఈ మాట. కొత్త కార్యవర్గంలోకి వాళ్లు పేర్లివ్వాలని కోరుతున్నాను.

ఈ రోజు తీర్మానాలు మూడు: కాన్సంట్రేటర్ల ఫిల్టర్లు మార్చి నెలకోసారి ఆన్ చేసి చూసే బాధ్యత ఒకరికి అప్పగించడం, చెదపట్టిన పుస్తకాల బదులు కొత్తవి కొనడం, రెండేళ్ల చందా బకాయిలు వసూలు చేయడం. ఇంకో సంగతి, సంక్రాంతికి తీసుకెళ్లిన పెద్ద గుండిగ, రెండు జల్లి గరిటెలు ఇంకా భవనానికి చేరలేదు. షామియానా వాళ్లవి అవి, అడుగుతున్నారు. ఎవరింట్లో ఉన్నాయో ఈ వారంలో పంపించేయండి.

ఇట్లు,
కార్యదర్శి