విప్పలేని పైపును కడిగేదెలా?

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: పెరటి కోళ్ల కోసం కొన్న నిపుల్ డ్రింకర్ సెట్టులో లోపాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

గత మార్చిలో 1,850 రూపాయలు పెట్టి మీ నిపుల్ డ్రింకర్ సెట్టు తెప్పించుకున్నాను. ఇరవై లీటర్ల తెల్ల బకెట్టు, ఆరడుగుల పైపు, దానికి అయిదు నిపుళ్లు, అంటే కోడి ముక్కుతో పొడిస్తే బొట్టుబొట్టుగా నీళ్లు వదిలే సూది మొనలు. మా పెరట్లో 40 గ్రామప్రియ రకం పెట్టలున్నాయి. అంతకుముందు మట్టి మూకుళ్లలో నీళ్లు పోసేవాళ్లం. కోళ్లు అందులోకి ఊక చిమ్మి, రెట్టలు వేసి, మధ్యాహ్నానికల్లా కుడితిలా చేసేవి. రోజుకు మూడుసార్లు కడగలేకే మీ సెట్టు కొన్నాను. పెట్టె మీద మీరు అచ్చేసిన మాట కూడా అదే: ‘కడిగే పని లేదు’. నా ఫిర్యాదంతా ఆ మూడు మాటల మీదే.

పైపు చివరి మూతను మీరు సొల్యూషన్ పెట్టి అతికించారు. అది రాదు. ఏప్రిల్‌లో కొక్కెర తెగులు రాకుండా లాసోటా టీకా నీళ్లలో కలిపి ఇచ్చాం. క్లోరిన్ తగిలితే ఆ టీకా పనికిరాదు కనుక, బ్లీచింగ్ వేయని బావినీళ్లు తెచ్చి, లీటరుకు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపాం. టీకా అయ్యాక చివరి మూత తీసి ధారగా నీళ్లు వదిలితేనే పైపులోని పాలు పోతాయి. మూతే రాకపోతే ఎలా పోతాయి? బకెట్టులో ఎన్ని మంచినీళ్లు పోసినా నిపుళ్ల దగ్గర బొట్టుబొట్టుగా రావడమే తప్ప, పైపు చివర నిలిచిన పాలనీళ్లు కదలలేదు.

బకెట్టు సంగతి సరేసరి. తెలుపు కావడంతో వెలుతురు లోపలికి దూరి, మూడు వారాల్లో గోడల చుట్టూ పచ్చగా నాచు పట్టింది. అడుగున జాలీ అయినా లేదు.

మే నెలలో రెండు నిపుళ్లు మూసుకుపోయాయి. ఇంకొకటి ఆగకుండా కారి కింది ఊకను ముద్ద చేసింది. తడి ఊకతో వ్యాపించే రక్తపారుడు రోగం మొదలు కాకముందే ఆ ఊకంతా ఎత్తిపోశాను. మామూలు రోజుల్లో పావు లీటరు తాగే పెట్టకు ఆ ఎండల్లో రెట్టింపు నీళ్లు కావాలి. రోజుకు 26 వచ్చే గుడ్లు 15కు పడిపోయాయి. ఫోను చేస్తే మీ ప్రతినిధి, ‘కోళ్లకు ఇంకా అలవాటు కాలేదేమో’ అన్నారు. రెండు నెలలుగా ఆ నిపుళ్లనే పొడుస్తున్న కోళ్లకు ఇంకా ఏమి అలవాటు చేయాలో నాకు తెలియలేదు.

చివరికి హాక్సా బ్లేడుతో పైపు కోశాను. లోపలికి వేలు పెడితే జర్రున జారింది. అంతా బూడిదరంగు పాకుడు, పులిసిపోయిన మజ్జిగ వాసన. మూసుకుపోయిన నిపుల్‌ను పట్టకారుతో పీకి చూస్తే, సూది చుట్టూ నాచు పీచు దారంలా చుట్టుకుని ఉంది. మా కోళ్లు తాగింది ఆ నీళ్లే.

నిపుల్ డ్రింకర్ల మీద నాకు కోపం లేదు. రెట్ట పడని నీళ్లు అంతకన్నా తేలిగ్గా అందవు. మరతో బిగించే చివరి మూత, వెలుతురు చొరని బకెట్టు, అడుగున ఒక జాలీ ఉంటే చాలేది. బకెట్టును నీడలో పెట్టి, వారానికోసారి పైపు కడగమని కరపత్రంలో రెండు ముక్కలు రాయవలసింది. దానికి బదులు మీరు ‘కడిగే పని లేదు’ అని రాశారు.

పదిహేను రోజుల్లో నా 1,850 రూపాయలు వాపసు చేయండి, పెట్టె మీది ఆ మాట తీసేయండి. లేదంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అయిదు లక్షల లోపు కొనుగోళ్ల మీద ఫిర్యాదుకు అక్కడ రుసుము లేదు.

బిల్లు నకలు, ఫోటోలు జతచేశాను. కోసిన పైపు ముక్కను కడగకుండా అలాగే ఉంచాను. మీ వాళ్లెవరైనా వస్తే చూపిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు