రెండు మెట్లు చాలురా

ఏరా,

నీ పియానో బ్లూస్ రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. కుడిచేయి భలే పలుకుతోంది, కానీ ఎడమచేత్తో ఎఫ్7 కార్డ్ (కలిపి మోగే నోట్ల గుంపు) రాగానే నాలుగు నోట్లూ కలిపి కింద గుద్దేస్తున్నావు, అక్కడే అంతా బురద బురద అయిపోతోంది. నేనూ రెండేళ్లు ఇదే చేశాను. చివరికి కార్డ్‌కి పేరిచ్చే అడుగు నోటు, అంటే రూట్, చూసుకునే మా బాస్ అతను "రూట్ కూడా నువ్వే వాయిస్తే ఇక నేనెందుకు, ఇంటికెళ్తా" అన్నాకగానీ బుద్ధి రాలేదు.

ఎఫ్7ని ఎఫ్7గా వినిపించేవి థర్డ్, సెవెంత్ (రూట్ నుంచి లెక్కేస్తే మూడోదీ ఏడోదీ), అంటే ఎ, ఇ ఫ్లాట్. కీబోర్డు నడుమ ఉండే మధ్య 'సి'కి కిందున్న ఇ ఫ్లాట్, దాని పైన ఎ, ఈ రెండే పట్టుకో. ఇప్పుడు రెండు వేళ్లూ ఒక్కో మెట్టు కిందికి జరుపు, నలుపూ తెలుపూ అన్నీ లెక్కేసుకుని: డి, ఎ ఫ్లాట్. బి ఫ్లాట్7 వచ్చేసింది! మొదటి చోటునుంచి ఒక్కో మెట్టు పైకి జరిపితే ఇ, బి ఫ్లాట్, అదే సి7. బ్లూస్‌కి కావలసిన మూడు కార్డ్‌లూ చేయి కదలకుండానే అయిపోయాయి. తమాషా ఏంటంటే ఈ రెండు నోట్ల మధ్య దూరం సరిగ్గా సగం ఆక్టేవ్ (ఒక సి నుంచి పై సి దాకా ఉన్న దూరం ఆక్టేవ్), అందుకే ఎఫ్7లో సెవెంత్ పట్టిన వేలు బి ఫ్లాట్7కి వెళ్లేసరికి థర్డ్ పడుతుంది, రెండో వేలు దానికి తిరగబడి. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము.

బ్లూస్‌లో ఉండే పన్నెండు బార్లలో (తాళం ఆవర్తాల్లో) ఎనిమిదో బార్‌లో డి7 అంటే ఎఫ్ షార్ప్, మధ్య సి. తొమ్మిదిలో జి మైనర్7కి ఎఫ్, బి ఫ్లాట్. పదిలో బి ఫ్లాట్ అలాగే ఉంచి ఎఫ్‌ని 'ఇ'కి దించు, అది సి7. ఇంకో మెట్టు రెండూ దిగితే మళ్లీ ఇల్లు చేరినట్టే.

ఇది చేతికి అలవాటయ్యాక పైన మూడో నోటు వెయ్యి: ఎఫ్7 మీద డి, బి ఫ్లాట్7 మీద సి, సి7 మీద మళ్లీ డి. అప్పటిదాకా వద్దు, ఆత్రపడకు.

బాస్ లేకుండా ఒంటరిగా వాయిస్తే ఇది కాస్త బోలుగా ఉంటుంది, అప్పుడు రూట్ కలుపు. జాజ్ పియానిస్ట్ బడ్ పవెల్ 1940ల్లోనే ఎడమచేత్తో రూట్, ఇంకో నోటు అలా తాకి వదిలేసేవాడు. వదిలెయ్యడమే ముఖ్యం, నువ్వేమో నోట్లని సాగదీసే పెడల్ మీద కాలు పెట్టి కూర్చుంటావు! ఒకటో బీట్‌లో ఒకసారి, రెండుకీ మూడుకీ మధ్యలో ఇంకోసారి, అంతే.

ఈసారి పన్నెండు బార్లూ ఎడమచేత్తోనే వాయించి పంపు. కుడిచేయి జేబులో పెట్టుకో.

నీవాడు