కుంపటి వదలని శాసనసభ్యుడు

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో వార్డు ఎన్నికల మాటెత్తగానే "కంసాలి పని చేసుకునేవాడికి రాజకీయాలెందుకురా" అని కొట్టిపారేశావు. ఫోన్లో నీతో వాదించి గెలవడం నావల్ల కాదు. అందుకే ఈ ఉత్తరం. బెన్ నైట్‌హార్స్ కాంప్‌బెల్ అని నీ వృత్తివాడే ఒకాయన కథ చెప్తా, ఓపిగ్గా చదువు.

అమెరికా ఆదివాసుల్లో ఉత్తర షయాన్ అనే తెగవాడు. 1933లో కాలిఫోర్నియాలో పుట్టాడు. తల్లికి క్షయ, తండ్రికి తాగుడు. చిన్నతనం కొంత అనాథాశ్రమంలోనే గడిచింది. చదువు మధ్యలో వదిలేసి వైమానిక దళంలో చేరి కొరియా వెళ్ళాడు. తర్వాత జూడో పిచ్చి పట్టుకుని జపాన్‌లో ఉండి నేర్చుకున్నాడు, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున బరిలోకి దిగాడు. మోకాలు దెబ్బతింది, పతకం రాలేదు. నగల పని ఓనమాలు మాత్రం తండ్రి దగ్గరే దిద్దాడు. వేర్వేరు లోహాలను పొరలుగా అతికే పని జపాన్‌లో పట్టుబడింది. నువ్వు ఆ నగలు చూస్తే ఒక పూట పని మానేస్తావు.

కొలరాడోలో ఇగ్నాసియో అనే చిన్న ఊరి దగ్గర గుర్రాలు పెంచుకుంటూ నగలు చేసుకునేవాడు. ఓ రోజు వాతావరణం బాగోక తన చిన్న విమానం ఎగరలేదట. కాలక్షేపానికి డ్యురాంగోలో డెమొక్రాట్ల మీటింగ్‌కి వెళ్తే, నిలబడేవాడు దొరక్క వాళ్ళు ఈయన్నే పట్టుకున్నారు. గెలుస్తాడని ఎవరికీ నమ్మకం లేదు. 1982లో గెలిచి రాష్ట్ర ప్రతినిధుల సభకు వెళ్ళాడు. 1986లో అమెరికా కాంగ్రెస్, 1992లో సెనేట్.

ఇప్పుడు అసలు సంగతి. నవాహోలని ఇంకో ఆదివాసీ తెగ, వాళ్ళ వెండి, టర్కాయిస్ (లేత నీలం) రాళ్ళ నగలకు పేరెక్కువ కాబట్టి నకిలీలూ ఎక్కువే. మిల్లు ప్రింటు గుడ్డను పోచంపల్లి అని అంటగట్టినట్టే. దానికి 1935 నుంచీ చట్టం ఉంది గానీ శిక్ష మహా అయితే 500 డాలర్లు, ఆరు నెలల జైలు. ఎవడు భయపడతాడు? కాంప్‌బెల్, అరిజోనాకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు జాన్ కైల్ పట్టుబట్టి 1990లో కొత్త చట్టం తెచ్చారు: మొదటిసారి దొరికినవాడికే 2,50,000 డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ళ దాకా జైలు. 2015లో న్యూమెక్సికోలో దాడులు చేస్తే ఫిలిప్పీన్స్‌లో చేసిన సరుకు బయటపడింది. 2018లో ఒక వ్యాపారికి ఆరు నెలల జైలు పడింది. అయితే ఈ చట్టంలో ఒక లోటు నాకు నచ్చదు. తెగ జాబితాలో పేరో, తెగ ఇచ్చిన గుర్తింపో లేకపోతే, నిజంగా ఆ రక్తమే ఉన్నా తన పనిని ఆ పేరుతో అమ్ముకోలేడు. ఆ దెబ్బ కొందరు మంచి పనివాళ్ళకు తగిలింది.

ఇంకొకటి. 1876లో అమెరికా సైన్యం మీద షయాన్, లకోటా తెగలవాళ్ళు గెలిచిన యుద్ధభూమికి, చిత్రంగా, ఓడిపోయిన సైన్యాధికారి కస్టర్ పేరే ఉండేది. 1991లో దాన్ని లిటిల్ బిగ్‌హార్న్ అని మార్పించాడు.

1995లో రిపబ్లికన్లలోకి దూకాడు. జంపింగుల గురించి మనవాళ్ళకు నేను కొత్తగా చెప్పాలా! 1998లో ఆ టికెట్ మీద కూడా గెలిచాడు. సెనేటర్‌గా ఉన్నన్నాళ్ళూ పిలక, మోటార్ సైకిల్, నగల పని ఏదీ వదల్లేదు. కొట్టు మూసుకోవాల్సి వస్తుందని నువ్వు టెన్షన్ పడుతున్నావు కదా, ఈ మాట నీకోసమే రాశాను.

నామినేషన్‌కి ఆఖరు తేదీ ఎప్పుడో కనుక్కుని రాయి. ప్రచారానికి వస్తా. నువ్వు ఏ పార్టీలో దూకినా సరే, జెండా మాత్రం మోయను. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
బావ